ఈత నేర్వవలసినవారు పిల్లలు మాత్రమేనా?

వేసవి సెలవులు సమీపించినవి. పరీక్షలు ముగిసిన మరునాటినుండి మన పిల్లలు భవాని కూడలికిని, మోహనూరు రేవునకును, బంధువుల తోటలలోని బావులకును పరుగులిడుదురు. పిమ్మట ఆడి పదునెనిమిదవ నాడు మనమందరమును కుటుంబములతో కావేరికి పోవుదుము. పసుపు కుంకుమలు, పులిహోర, పెరుగన్నము, పిల్లలకు మార్పుబట్టలు ఏదియు మరువము. మనలో ఈత వచ్చినవాడు ఒక్కడైన నున్నాడా యని మాత్రము ఎవ్వరును అడుగరు.

మన తాతల నాడు ఈ ప్రశ్నయే పుట్టెడిది కాదు. కొంగునాట స్థిరపడిన మన కుటుంబములలో తోటయు, రాతిని తొలిచిన లోతైన బావియు లేని యిల్లు అరుదు. ఎండు సొరకాయబుర్రలు రెండు నడుమునకు బిగించి, మేనమామ వెనుకనుండి త్రోసెడివాడు. నాలుగు గ్రుక్కల నీరు, నాలుగు తిట్లు, కొంత యేడ్పు. పది దినములకు బుర్రలు విప్పెడివారు. తోటలమ్మి పట్టణమున అంగళ్లు తెరచిన తరము మాది. బావులు పూడినవి, బోరుగొట్టములు దిగినవి. మా యింట పిల్లలు ఇప్పుడు దానిని ‘నీచ్చల్’ అందురు. ‘ఈత’ యను మాట పోయినందుకంటె ఆ విద్య పోయినందుకు నాకు ఎక్కువ విచారము. తెలుగు సంఘపు పత్రికలో ఇట్లు వ్రాయుట కొందరు పెద్దలకు రుచింపకపోవచ్చును, క్షమింతురుగాక.

ఇక నా సంగతి చెప్పుట న్యాయము. మూడేండ్ల క్రిందట ఈ పంక్తులు వ్రాయువాడు బంధువులతో కావేరిలో మొలబంటి నీట నిలిచి యుండెను. ఒక్క యడుగు ప్రక్కకు వేయగా కాలిక్రింద నేల లేదు. ఇసుక త్రవ్విన గోతులు పైకి కనబడవు గదా! సభలలో గంటకు తక్కువ కాకుండ మాటలాడు ఈ నోట ఆనాడు ఒక్క కేకయు రాలేదు. మునుగువాడు అరచుననియు, చేతులూపి పిలుచుననియు మనము తలతుము. ఊపిరికే చాలని నోరు కేక యెట్లు వేయును? పది గజముల దూరమున నున్న మావారు నేను స్నానమునకు మునకలు వేయుచున్నాననుకొని నవ్వుచుండిరట. పుట్టి నడుపు ముదుసలి యొకడు మాత్రము గుర్తించి తెడ్డు చాచెను. లేకున్న ఈ వారము సంపాదకీయము మరియొకరు వ్రాసెడివారు.

ఆ మరుసటి మాసముననే పట్టణపు ఈతకొలనులో చేరితిని. వయస్సు నలుబదినాలుగు. తోడి విద్యార్థులు ఏడెనిమిదేండ్ల పసివారు. మొదటి దినమున సిగ్గుచే వెనుదిరిగి పోయితినని దాచనేల? రెండవ దినమున దిగితిని. గురువు చేతులు కాళ్లు ఆడించుట చెప్పునని యెదురుచూడగా, ఆయన వారమంతయు ఊపిరి పాఠమే చెప్పెను: రొమ్ములోతు నీట గోడ పట్టుకొని, పైన నోటితో గాలి పీల్చి, ముఖము ముంచి, నీటిలో మెల్లగా వదలుట. భయపడినవాడు ఊపిరి బిగబట్టును. బిగబట్టినవాడు తల పైకెత్తగానే వదలుట, పీల్చుట రెండును ఒక్కసారి చేయబోయి నీరు మ్రింగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

రెండవ పాఠము వెల్లకిల తేలుట. మన దేహపు బరువు అంతే పరిమాణము గల నీటి బరువునకు ఇంచుమించు సమానము. ఊపిరి నిండ పీల్చినచో చాలమంది తేలుదురు. తలయు చేతులును పైకెత్తినంత మేర నీరు మోయవలసిన భారము హెచ్చును. మిగిలిన దేహము క్రుంగును. మునుగువాడు సహజముగ చేయునది సరిగా అదియే! చెవులు మునుగునట్లు తల వెనుకకు వాల్చి, పొట్ట పైకి తేల్చి, ఆకాశము చూచుచు పండుకొనవలెను. ఇది నాకు పట్టుబడుటకు తొమ్మిది దినములు పట్టెను. గోడను తన్ని జారుట, కాళ్లు ఆడించుట, తుదకు చేతులు, ఇవి తరువాత అంత కష్టము గాదు. రెండు మాసములకు కొలను ఈ చివరనుండి ఆ చివరకు పోయితిని. పసివారు చప్పట్లు కొట్టిరి.

వయస్సు మీరినదను సాకు చెల్లదు. తెలుగు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో, 47 ఏండ్ల వయస్సున, శ్రీలంకనుండి ధనుష్కోటికి పాక్ జలసంధిని ఈదినది. ఆమె ఈత నేర్చినది నలుబదులు దాటిన పిమ్మటనే.

2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశమున 2022లో ఈ మరణములు 38 వేలకు పైబడినవని ప్రభుత్వపు నేరనమోదు సంస్థ ప్రకటించినది. ఆరేండ్లు దాటిన పిల్లలకు ఈతయు, నీటి జాగ్రత్తయు నేర్పవలెనని ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

‘ఈతకు మించిన లోతు లేదు’ అని మన సామెత. బావికి అది నిజము. కావేరికి పూర్తిగ నిజము గాదు. ఎగువ ఆనకట్ట తలుపులెత్తినచో ఇచ్చట ఎండ కాయుచుండగనే నీరు పెరుగును. అడ్డుకట్టల దిగువ నీరు సుడి తిరిగి మనిషిని లోనికే లాగును. కొలనులో పది సారులు ఈదినవాడు అచ్చట దిగరాదు. మరియొకటి: మునుగువానికొరకు వెంటనే దూకరాదు. వాడు పట్టిన పట్టు విడువడు, ఇద్దరును పోవుదురు. పంచ, చీర, త్రాడు, వెదురుకఱ్ఱ, ఖాళీ బిందె ఏది దొరికిన నది అందింపవలెను. గట్టునకు చేర్చిన పిమ్మట తలక్రిందులుగా పట్టి త్రిప్పుట, పొట్ట నొక్కుట తగదు. అందువలన విలువైన కాలము పోవును, నీరు తిరిగి ఊపిరితిత్తులలో చేరవచ్చును. శ్వాస లేనిచో నోటితో ఊపిరి ఊది, రొమ్ము నొక్కుచు, 108కు కబురు పంపవలెను.

ఈ యేటి వార్షికోత్సవమునకు విద్యుద్దీపముల తోరణము వలదని, ఆ సొమ్ముతో ఒక మాసము ఈత శిక్షణము నడపుదమని కార్యవర్గమున ప్రతిపాదించితిని. ‘ఆడపిల్లలకు కూడనా?’ అని యొకరడిగిరి. కావేరిలో దిగువారిలో సగము ఆడవారే గదా యంటిని. వారికి స్త్రీ శిక్షకురాలితో ఉదయము వేరుగ వేళ యేర్పరుప నిశ్చయమైనది. తోరణము సంగతి ఇంకను తేలలేదు. అందుకై మిత్రులిద్దరు నాతో మాటలాడుట మానిరి.

చేరగోరువారు, ముఖ్యముగ ముప్పది దాటినవారు, వచ్చు ఆదివారములోగా సంఘపు కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. సిగ్గుపడువారికి మొదటి దినమున తోడుగా నేను నీటిలో నుందును.