ఖాళీగా ఉన్నావుగా!

చదువైపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇంట్లో ఒకటే హోదా: ఖాళీగా ఉన్న మనిషి. గ్యాస్ బండ వస్తే దించుకోవాలి, అమ్మమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మాక్ టెస్ట్ ఉందంటే ‘రేపు రాసుకోరాదూ’ అంటారు. వాళ్లనేం అనలేం. గదిలో ల్యాప్‌టాప్ ముందు మనం ఏం చేస్తున్నామో వాళ్లకేం తెలుస్తుంది?

అందుకే ఇంటందరికీ ఒకే క్యాలెండర్ పెట్టండంటాను. గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూప్ చేస్తే మీతో కలిపి ఆరుగురి దాకా ‘ఫ్యామిలీ’ క్యాలెండర్ దానంతటదే వస్తుంది. అందులో ఎవరైనా రాయొచ్చు, మార్చొచ్చు. ఒక మెలిక ఉంది: మీరు పెట్టుకున్న రిమైండర్ మీ ఫోన్‌లోనే మోగుతుంది. నాన్న ఫోన్‌లో విడిగా సెట్ చేయాల్సిందే. ఈ పది నిమిషాల పనికి బద్ధకించారా, ఆ క్యాలెండర్‌ని మీరు తప్ప ఎవరూ చూడరు.

ఏ కంపెనీ ఇంటర్వ్యూయో అందరికీ తెలియడం ఇష్టం లేదా? అది మీ సొంత క్యాలెండర్‌లో రాసుకోండి. షేర్ చేసేటప్పుడు ‘ఖాళీ/బిజీ’ మాత్రమే కనిపించే ఆప్షన్ పెట్టండి. ‘ఏమైంది, వచ్చిందా?’ అనే ఫోన్లు సగం తగ్గుతాయి!

అమ్మాయిలకు ఇది మరీ అవసరం. తమ్ముడు చదువుతుంటే తలుపు దగ్గరగా వేస్తారు, అక్క చదువుతుంటే కాఫీ పెట్టమంటారు. కాబట్టి మీ పరీక్షలతో ఆపకండి. వంటింటి గోడ క్యాలెండర్‌లో అమ్మ రాసుకునే పాల లెక్క, గ్యాస్ తేదీ, కరెంటు బిల్లు కూడా ఇందులోకి తెచ్చి, పక్కన చేసేవాళ్ల పేరు రాయండి. తమ్ముడి పేరుతో సహా.