జీతముండుడు, జీతమెత్తుడు

మా అయ్య పటేలు దగ్గర జీతమున్నడు. నేను పటాన్‌చెరువుల ఒక మందుల కంపెనీల జీతమెత్తిన. మాట ఒక్కటే, బతుకులు రెండు. మా అయ్య జీతానికి పొద్దు లేదు, మాపు లేదు. నడిరాత్రి పిలిచినా లేవాలె. నాకు ఎనిమిది గంటలు నిండంగనే సైరను కూసేది. చేతులు కడుక్కొని బయటికి నడిచేటోణ్ణి. "ఎటు పోతున్నవ్‌రా?" అని అడిగెటోడు లేడు. ఈ తేడా విలువ, ఇంట్ల ఎవరూ జీతముండని వాళ్లకు తెల్వదు.

పల్లె అందాల గురించి, కులవృత్తుల గొప్ప గురించి రాసే పెద్దమనుషులను అడుగుతున్న: ఒక్కనాడన్న లందల చెయ్యి పెట్టిన్రా? ఊరు మీకు తల్లి కావచ్చు. మాకు వెట్టి. కంపెనీ పైసలతోనే మా తమ్ముడు కాలేజీ మెట్లెక్కిండు. పీఎఫ్ చిట్టీ, ఈఎస్ఐ కార్డు మా ఇంట్ల మొదటి హక్కు కాగితాలు. వారానికి 54 గంటల పనిని 48కి దించిన 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణ, బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే వచ్చింది.

అట్లని కంపెనీని పొగడడానికి రాస్తలేను. కులం గేటు బయట ఆగలేదు, మాతోనే లోపలికొచ్చింది. యాసిడ్ డ్రమ్ములు మోసింది, ట్యాంకుల దిగి కడిగింది మా వాడలోళ్లే. పేరు కాంట్రాక్టరు పుస్తకంల ఉంటది. ఒళ్లు కాలితే "వీడు మా మనిషి కాదు" అంటది కంపెనీ. క్యాంటీన్ల పప్పు ఒక్కటే, బెంచీలు మాత్రం ఎవరివి వాళ్లయే.

ఇది కొత్త కథ కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువుండే నేత ఖాతాలకు అంటరానివాళ్లను రానియ్యలేదు. కండె మార్చినప్పుడు దారాన్ని నాడె కంతలోంచి నోటితో పీల్చాలె. మా ఎంగిలి తాకుతదని తోటి కార్మికులే అడ్డం పడ్డరు. మిషను వచ్చింది గని మైల పోలేదు.

"ఇక్కడ కులం లేదు, కార్మికవర్గమే ఉంది" అనేటోడు మా యూనియన్ నాయకుడు. ఆయన పర్మినెంటు. 1938ల మన్మాడ్ రైల్వే కార్మికుల సభల అంబేద్కర్ ఇద్దరు శత్రువులను చూపెట్టిండు: బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీతనం. మా నాయకుడు రెండోదాన్నే చదివిండు.

1970ల కాంట్రాక్టు కార్మిక చట్టం వచ్చింది. కాంట్రాక్టు రద్దయినా దానంతటదే కంపెనీ నౌకరీ దొరకదని 2001ల సుప్రీంకోర్టు తేల్చింది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌ల రిజర్వేషన్ రోస్టరుంది. అదే బొంబాయి రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే ప్రైవేటు కంపెనీలు. అక్కడ ఆ మాటే లేదు. రోడ్డు, కరెంటు, నీళ్లు సర్కారు ఇయ్యాలె, నౌకరీ మాత్రం మా ఇష్టమంటే అదేం న్యాయం?

కంపెనీ మంచిదా, చెడ్డదా అని చదువుకుంటున్న తమ్ములు, చెల్లెండ్లు అడుగుతున్నరు. పటేలు దొడ్డికంటే మంచిదే. మన పాలు మనకు దక్కేంత మంచిది ఇంకా కాలేదు. ఊరికి మళ్లే మాట లేదు. మన పేర్లు కాంట్రాక్టరు చిట్టాల నుంచి కంపెనీ రిజిస్టరుకు ఎక్కాలె. డ్రమ్ములు మోసినోళ్ల బిడ్డలు కంట్రోల్ రూముల కూసోవాలె. ప్రైవేటు నౌకర్లల్ల మన వాటా చట్టంగా రావాలె. కులం సంగతి ఎత్తని యూనియన్‌కు చందా ఇచ్చేముందు ఈ మూడు మాటలు అడగండి.