కొండ కింద మాటలు – 14: మైలురాళ్లు, మైల రాళ్లు



ఈ వారం స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని మాటిచ్చా. అది వచ్చే వారం. మధ్యలో ఇంకో సంగతి వచ్చి కూర్చుంది, అది తేల్చుకుంటే గానీ వేరేది రాయలేను.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఇద్దరు పిల్లలు పెళ్లి చేసుకుని రెండేళ్లయింది. పేర్లు రాయను, ఉంటున్న ఊరు రాయను, అమ్మాయి కులమూ రాయను. అబ్బాయి మాదిగపల్లె పిల్లాడు, అమ్మాయి వాళ్లకి పొలాలున్నాయి. అంతవరకే. ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఎనిమిది ఫొటోలు పంపారు. డిగ్రీ పట్టాలు పట్టుకుని ఒకటి. రిజిస్ట్రార్ ఆఫీసు బయట రెండు దండలతో ఒకటి, అందులో ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు. ఒక్క గది ఇంట్లో కొత్త గ్యాస్ పొయ్యి పక్కన ఆ పిల్ల. మొదటి జీతంతో కొన్న సెకండ్‌హ్యాండ్ బండి. ఎత్తిపోతల దగ్గర తడిసిపోయి ఒకటి. చివరి మూడూ నల్లమలలో, భుజాన సంచులు, కాళ్లకు బూట్లు, చుట్టూ అడవి. కింద ఒక మాట: "మేడమ్, ఇవి మా మైల్‌స్టోన్స్. ఇన్‌స్టాలో పెట్టమంటారా?"

నేను వెంటనే "వద్దు" అని కొట్టా. ఆలోచించలేదు కూడా.

ఎందుకన్నానో మీకు తెలుసు. మా పల్నాడు నుంచి కృష్ణ దాటితే మిర్యాలగూడ. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్ తన భార్య అమృతని చెకప్‌కి తీసుకెళ్లి ఆస్పత్రి బయటికి వస్తుంటే వెనక నుంచి నరికారు. కడుపులో బిడ్డ ఎలా ఉందో చూపించుకోవడం కూడా పెళ్లయిన ఏ జంటకైనా ఒక మైలురాయే కదా. ఆ రాయి దగ్గరే కాపు కాశారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు రావడానికి ఆరున్నరేళ్లు. ఆ పిల్లలిద్దరూ పెళ్లి వీడియో పెట్టుకున్నారనీ, దాంతో తండ్రికి ఇంకా మండిందనీ అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు. చెప్పుకున్న తీరు గుర్తుందా? "అంత బహిరంగంగా ఎందుకు పెట్టుకోవాలి" అని. చంపినవాడిని వదిలేసి వీడియోని తప్పుపట్టారు. ఏడేళ్ల తర్వాత నేను కొట్టిన "వద్దు" కూడా ఆ మాటకు చుట్టమే అని ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు అనిపించింది.

రెండో "వద్దు" మనవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. అబ్బాయి ఆ అడవి ఫొటో ఒకటి స్టేటస్‌లో పెడితే, మన సంఘంలో పెద్దమనిషి ఒకాయన (నాకు గౌరవమే, అందుకే పేరు రాయను) ఫోన్ చేసి "వాడలో శ్మశానానికి దారి లేక చస్తుంటే నీకు ట్రెక్కింగులేంట్రా" అన్నాడట. పిల్లాడు స్టేటస్ తీసేశాడు. నాది భయం, ఆయనది బాధ్యత. రెండూ కలిసి ఆ పిల్లల చేత ఫొటోలు దాపించాయి.

మైలురాయి అనే మాట పలికినప్పుడల్లా నాకు అందులో మైల వినపడుతుంది. మాటల వ్యుత్పత్తి అది కాదని నాకూ తెలుసు, తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని, కామెంట్లలో పాఠం చెప్పొద్దు. మిగతావాళ్ల పెళ్లిలో రాళ్లు దూరం కొలుస్తాయి. మన పిల్లల పెళ్లిలో ప్రతి రాయి దగ్గరా ఒకడు నిలబడి మైల కొలుస్తాడు.

ఒక్కో రాయీ చూడండి. పెళ్లి చేసుకోవాలి, సరే, ఏ చట్టం కింద? స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 మన కోసమే ఉన్నట్టు క్లాసులో చెప్తాం. ఇద్దర్లో ఒకరు ఆ జిల్లాలో ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందరికీ కనపడేలా అంటిస్తారు, ముప్పై రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లకి ముప్పై రోజులంటే ఎంతో ఒక్కసారి ఊహించండి. అందుకే వకీళ్లు ఏం చెప్తారంటే, ముందు ఏదో ఒక గుళ్లో తాళి కట్టించండి, ఫొటోలు తీయండి, పూజారి చేత కాగితం రాయించండి, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయిద్దాం అని. మా వాడు పుట్టిన్నాటి నుంచీ ఆదివారం చర్చికి పోయే పిల్లాడు. వాళ్ల నాయనమ్మని ఏ గుడి మెట్టూ ఎక్కనీయలేదు. ఆ పిల్లాడు ప్రాణభయంతో గుళ్లోకి వెళ్లాడు. పోనీ చర్చిలో చేసుకుంటే? ఎస్సీ సర్టిఫికెట్ గల్లంతు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అలా ఉంది, క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక పాస్టరు కేసులో అదే మాట మళ్లీ చెప్పింది, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఉండదని. అంటే రేపు అమ్మాయి తరఫువాళ్లు కులం పేరు పెట్టి కొడితే, కేసు పెట్టడానికి ముందు నీ పెళ్లి ఏ గుమ్మంలో జరిగిందో చూస్తారు. ఇది మా పిల్లలకి ఎవరూ ముందు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాలుగేళ్లు క్లాసులో ప్రబంధాలు చెప్పా, వరూధిని ప్రేమ గురించి గంటలు గంటలు చెప్పా, ఇది చెప్పలేదు.

పెళ్లయ్యాక పోలీసు రక్షణ. లతా సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది, మేజర్లయిన ఇద్దరు కులాంతరం చేసుకుంటే వేధించేవాళ్ల మీదే చర్య తీసుకోవాలని పోలీసులకి ఆదేశం. 2018 మార్చిలో శక్తి వాహిని తీర్పులో జిల్లాల్లో ఇలాంటి జంటలకి సేఫ్ హౌసులు పెట్టే సంగతి ఆలోచించమనీ, ప్రత్యేక సెల్ పెట్టమనీ అంది. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఈ రెండు తీర్పుల ప్రింటు తీసుకెళ్లండి తమ్ముళ్లూ చెల్లెళ్లూ. వయసు తెలిపే పదో తరగతి మార్కుల జాబితా రెండు కాపీలు ఉంచుకోండి. స్టేషన్లో పెద్దమనుషుల పంచాయతీ పెడదామంటే కూర్చోకండి.

తర్వాత అద్దె ఇల్లు. ఆ పిల్లని "మీరేమిట్లు?" అని అడుగుతారు, తన కులం చెప్తుంది. "మరి ఆయన?" అక్కడ ఆగిపోతుంది. తొమ్మిది ఇళ్లు తిరిగితే దొరికిందట ఆ ఒక్క గది. అందుకే గ్యాస్ పొయ్యి పక్కన అంత గర్వంగా నిలబడింది.

ఇప్పుడు మా వినుకొండ సంగతికి వస్తా. మనం దంపతుల గురించి మాట్లాడితే ఫూలే దంపతుల పేర్లు చెప్తాం. చెప్పాల్సిందే. కానీ మా కొండ కింద పుట్టిన కథ ఒకటుంది, దాన్ని మా ఊరి పిల్లలే చెప్పుకోరు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న ఇక్కడ పుట్టాడని అందరికీ తెలుసు. ఆయన తండ్రి వీరయ్య గొల్ల, తల్లి లింగమ్మ మాదిగ. అంటే మన మహాకవే ఒక కులాంతర జంట బిడ్డ. పంతొమ్మిదో శతాబ్దంలో, ఈ పల్నాట్లో! ఆ ఇద్దరూ ఎన్ని రాళ్లు దాటారో రాసినవాళ్లు లేరు. జాషువాకి 1910లో మేరీయమ్మతో పెళ్లి. ఆ తర్వాత చిన్న జీతాల పంతులు ఉద్యోగాలు, రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పే పని. ఇదే ఊళ్లో అవధాన సభలో పద్యం చదివితే తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. అదంతా క్లాసులో చెప్తాం, పరీక్షలో అయిదు మార్కులకి వస్తుంది.

ఆయన కూతురు హేమలత 1932లో పుట్టింది. మద్రాసులో చదువు ముగించుకుని వచ్చి, 1960లో గోరా గారి పెద్దకొడుకు లవణంని పెళ్లి చేసుకుంది. గోరా బ్రాహ్మణ పుట్టుక పుట్టి నాస్తికుడై కులం నుంచి వెలి అయినవాడు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కొడుకు పుడితే లవణం అని పేరు పెట్టాడు. పెద్దకూతురు మనోరమకి 1948లో సేవాగ్రామ్‌లో దళితుడైన అర్జునరావుతో పెళ్లి చేశాడు. సహపంక్తి భోజనం చేసి ఫొటో దిగి ఇంటికెళ్లి స్నానం చేసేవాళ్ల బాపతు కాదు ఆ కుటుంబం.

పల్నాటి చరిత్రలో సహపంక్తి మనకి కొత్త కాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు, మాల కన్నమదాసుని సేనాపతిని చేశాడు, కొడుకన్నాడు. వీరగాథలో ఒకే చాప మీద కూడు తిన్నారు, వియ్యమందినట్టు మాత్రం ఎక్కడా లేదు. కలిసి తింటే కులం పోదు, కలిసి కాపురం చేస్తేనే దాని వేరు కదులుతుందని 1936లో బాబాసాహెబ్ కులనిర్మూలనలో వాదించింది ఇదే.

హేమలతా లవణం దంపతుల పెళ్లి కొత్తల్లో వాళ్ల మైలురాళ్లేంటో తెలుసా? చంబల్ లోయ. 1960లో వినోబా బందిపోట్ల మధ్యకి కాలినడకన వెళ్లాడు, ఇరవై మంది దాకా ఆయన ముందు తుపాకులు పెట్టేశారు. ఆ ఉద్యమకాలంలో వీళ్లూ వినోబా వెంట ఆ లోయలో తిరిగారు. ఇద్దరూ చూసింది వాగులు కోసేసిన ఎర్రమట్టి లోయలు, వాటిలో దాక్కున్న మనుషులు. అక్కడ నేర్చుకున్నది 1970లలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం తెచ్చారు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి 1913లో ఆ సెటిల్‌మెంట్ పెట్టారు. చట్టం 1952లో పోయింది, ముద్ర పోలేదు. ఆ ఇళ్లలోకి, ఆ ఆడవాళ్ల మధ్యకి వీళ్లిద్దరూ వెళ్లి కూర్చున్నారు. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినిల మధ్య పనిచేశారు. జోగినులంటే ఎక్కువమంది మన మాల మాదిగ ఆడబిడ్డలే. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. హేమలత 2008లో, లవణం 2015లో పోయారు.

వాళ్ల పనిలో గాంధీ వాసన ఎక్కువని, హృదయ పరివర్తన అంటూ రాజ్యాన్ని నిలదీయలేదని మనకి విమర్శ ఉంది. నాకూ ఉంది. ఎరుకలవాళ్లని "సంస్కరించడం" అనే మాటే నాకు గుచ్చుకుంటుంది, సంస్కరించాల్సింది ముద్ర వేసినవాళ్లని కదా. అయినా ఒక మాట. హేమలత గురించి ఎవరు రాసినా జాషువా కూతురు, గోరా కోడలు, లవణం భార్య అని మొదలుపెడతారు. ఒక దళిత స్త్రీ తన ఇష్టంతో పెళ్లి చేసుకుని, తన ఇష్టంతో లోయల్లో తిరిగింది అనే వాక్యం ఇంతవరకు నా కంటపడలేదు.

ఇందుకే ఆ పెద్దాయన మాట నాకు మింగుడుపడలేదు. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నా. నిజామాబాద్ జిల్లా లంబాడీ పిల్ల, ఖమ్మం జిల్లా దళిత పిల్లాడు, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మెస్‌లో టీవీ ముందు మేం ఎగిరాం. అప్పుడు ఆ ఇద్దర్నీ ఎవరూ "వాడలో నీళ్లు లేకుండా మీకు కొండలేంటి" అనలేదు, జెండా పట్టుకున్నారు కాబట్టి. మరి జెండా లేకుండా, ఊరికే, తన పెళ్లాంతో సరదాగా ఒక దళిత కుర్రాడు కొండెక్కితే తప్పా? మన ఆనందానికి ప్రతిసారీ రికార్డో ఉద్యమమో సాకుగా ఉండాలా?

గబ్బిలంలో అరుంధతీ సుతుడు తంజావూరులో ఉండిపోతాడు. కైలాసం దాకా తిరిగేది గబ్బిలం. గుళ్లోకి పోగలిగేదీ అదే. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, మనవాడు తన ఆకలి కబురు పంపుకున్నాడు. 1941లో జాషువాకి ఆ మనిషిని దేశం చూడటానికి పంపడం సాధ్యపడలేదు. ఎనభై ఏళ్ల తర్వాత ఆ మనిషి మనవడు బూట్లు కొనుక్కుని స్వయంగా బయల్దేరితే మనం వెనక్కి పిలుస్తున్నాం.

నిన్న రాత్రి ఆ అమ్మాయికి ఫోన్ చేశా. అడవికే ఎందుకెళ్లారమ్మా అని అడిగా. "రోడ్డు మీద బండెక్కితే నేను వెనక్కి చూస్తూనే ఉంటా మేడమ్. ఏ కారు దగ్గరికొచ్చినా ఆయన నడుం గట్టిగా పట్టుకుంటా. అడవిలో ఆ రెండు రోజులు వెనక్కి చూడలా" అంది. చిరుతలుండే అడవి అది. పులులూ ఉన్నాయి. ఆ పిల్లకి భయం లేని చోటు అదొక్కటే దొరికింది.

నా "వద్దు" వెనక్కి తీసుకున్నా. పెట్టమని కూడా అనలేదు, ఆ హక్కు నాకు లేదు. లొకేషన్ ఆపి పెట్టుకోండి, ఇంటి గుమ్మం, బండి నంబరు కనపడనీయకండి, స్టేషన్‌లో ఇచ్చిన అర్జీ రశీదు జాగ్రత్త అని చెప్పా. ఏది పెట్టాలో వాళ్లే తేల్చుకుంటారు. ఫోన్ పెట్టేముందు ఆ పిల్ల అడిగింది, "మేడమ్, మన ఊరి కొండ ఎక్కి రెండేళ్లయింది. ఎప్పటికైనా వస్తానంటారా?"

సెప్టెంబర్ 28న, జాషువా పుట్టినరోజున, పొద్దున్నే వినుకొండ కొండ ఎక్కుదామనుకుంటున్నాం. ఉపన్యాసాలు లేవు, పైన కూర్చుని తెచ్చుకున్నది తినడం, పద్యాలు చదువుకోవడం అంతే. వాళ్లిద్దరూ ఆ గుంపులో ఉంటారో ఉండరో చెప్పను. ఎంత ఎక్కువమందిమి ఉంటే అంత మంచిది. వచ్చేవాళ్లు నాకు ఇన్‌బాక్స్‌లో చెప్పండి, కామెంట్లలో వద్దు. మంచినీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

జై భీమ్.