స్లో జోన్‌కు చివరి బోర్డు ఏదీ?

2020 సెప్టెంబరు 18, 19, 20 తేదీలు. ఆ మూడు రోజులూ సింగపూర్ మెరీనా బే రోడ్ల మీద ఫార్ములా వన్ కార్లు పరుగెత్తాల్సింది. కరోనా వల్ల ఆ ఏడాది పందెం రద్దయింది. సరిగ్గా ఆ శని, ఆదివారాల్లోనే ఫ్రాన్స్ దేశంలోని లె మాన్ అనే ఊళ్ళో 24 గంటల కార్ల పందెం మాత్రం జరిగింది. జూన్ 13, 14 తేదీల్లో జరగాల్సిన పందెాన్ని సెప్టెంబరుకు మార్చి, ప్రేక్షకులను రానివ్వకుండా నడిపించారు. మామూలు ఏడాదుల్లో రెండున్నర లక్షల మంది చేరే చోట స్టాండ్లన్నీ ఖాళీ. అదే రోజుల్లో మనం ఎక్కడున్నామో మీకు చెప్పనక్కర్లేదు. డార్మెటరీ గది, పనికి వెళ్ళే లారీ, మళ్ళీ అదే గది.

"కార్ల పందేలతో మనకేం పని? అవి డబ్బున్నవాళ్ళ సరదాలు" అని కొందరు సోదరులు అనవచ్చు. నిజమే, ఆ టికెట్ల ధర మన జీతాలకు అందేది కాదు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు కూడా మనలో చాలామంది ఫోన్లలో చూసి ఊరుకున్నవాళ్ళమే. కానీ లె మాన్ పందెం నియమాలు తెలుసుకుంటే కరోనా కాలంలో మనకు జరిగింది ఏమిటో, జరగాల్సింది ఏమిటో బాగా అర్థమవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫార్ములా వన్‌లో అందరివీ ఇంచుమించు ఒకే రకం కార్లు. లె మాన్ అలా కాదు. అక్కడ ఒకే రోడ్డు మీద, ఒకే సమయంలో నాలుగు తరగతుల కార్లు పరుగెత్తాయి. 2020లో వాటి పేర్లు ఎల్‌ఎంపీ1, ఎల్‌ఎంపీ2, జీటీఈ ప్రో, జీటీఈ ఆమ్. మొదటి రెండూ పందెం కోసమే ప్రత్యేకంగా తయారైన కార్లు. తర్వాతి రెండూ షోరూములో అమ్మే స్పోర్ట్స్ కార్లను పందేనికి తగ్గట్టు మార్చినవి. ఆఖరి తరగతిలో అయితే డ్రైవింగే వృత్తి కానివాళ్ళు కూడా ఉంటారు. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు. మన షిఫ్టుల లాగే ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు. చుట్టు పొడవు 13 కిలోమీటర్ల పైమాట. రాత్రీ పగలూ 24 గంటలు తిరగాలి.

ఆ ఏడాది మొత్తం మీద మొదట వచ్చింది టయోటా కారు. 387 చుట్లు తిరిగింది. సెబాస్టియన్ బ్యూమి, కజుకి నకజిమ, బ్రెండన్ హార్ట్‌లీ దాని డ్రైవర్లు. ఎల్‌ఎంపీ2లో గెలిచిన కారు తిరిగింది 370 చుట్లు. జీటీఈ ప్రోలో గెలిచిన ఆస్టన్ మార్టిన్ తిరిగింది 346. జీటీఈ ఆమ్‌లో గెలిచిన ఆస్టన్ మార్టిన్ తిరిగింది 339. అంటే టయోటా కంటే 48 చుట్లు తక్కువ. అయినా దాన్ని ఎవరూ ఓడిపోయిందని అనలేదు. దాని తరగతిలో అదే విజేత. దాని డ్రైవర్లకూ కప్పు, దాని జట్టుకూ పేరు. తక్కువ వేగం కారు కదా అని రోడ్డు మీద నుంచి దింపెయ్యలేదు.

ఇంకో సంగతి. వేగంగా వచ్చే కారుకు దారి తెలియడం కోసం ముందున్న నెమ్మది కారుకు నీలం జెండా చూపిస్తారు. నెమ్మది కారు చెయ్యాల్సింది అటూ ఇటూ ఊగకుండా తన దారిలో తాను పోవడం. ప్రమాదం లేకుండా దాటుకుని పోవాల్సిన బాధ్యత వెనక నుంచి వచ్చే వేగం కారుది. పెద్దవాడికి దారి ఇవ్వాలి సరే, కానీ చిన్నవాణ్ణి గుద్దకుండా పోవడం పెద్దవాడి పని. ఇది నాకు చాలా నచ్చిన నియమం.

అన్నింటికంటే ముఖ్యమైనది స్లో జోన్. రోడ్డు మీద ఒకచోట ప్రమాదం జరిగితే ఆ భాగాన్ని స్లో జోన్ అని ప్రకటిస్తారు. అక్కడ ఏ తరగతి కారైనా గంటకు 80 కిలోమీటర్లకు మించి పోకూడదు. ఎల్‌ఎంపీ1 కారుకూ అదే 80, జీటీఈ ఆమ్ కారుకూ అదే 80. జోన్ ఎక్కడ మొదలవుతుందో బోర్డు ఉంటుంది, ఎక్కడ ముగుస్తుందో కూడా బోర్డు ఉంటుంది. చివరి బోర్డు దాటిన డ్రైవరు ఎవరినీ అడగనక్కర్లేదు. మళ్ళీ వేగం అందుకోవచ్చు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2020 ఏప్రిల్ 5న పొంగోల్‌లోని ఎస్11, తో గ్వాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మెటరీలను ఐసొలేషన్ ప్రాంతాలుగా ప్రకటించారు. తర్వాత మిగతా డార్మెటరీలు కూడా మూతపడ్డాయి. అప్పట్లో డార్మెటరీల్లో ఉన్నది సుమారు 3 లక్షల 23 వేల మందిమి. ఆ డిసెంబరులో ప్రభుత్వమే ఇచ్చిన లెక్క ప్రకారం మనలో 47 శాతం మందికి కరోనా సోకింది. అంటే ఇంచుమించు ఇద్దరిలో ఒకరికి. ఒక గదిలో పన్నెండు మంది, పదహారు మంది, పక్కపక్కనే రెండంతస్తుల మంచాలు, ఒకే వంటగది, ఒకే బాత్రూముల వరుస. ఇంకోలా ఎలా జరుగుతుంది?

అప్పుడు గేట్లు మూయడం తప్పని నేను అనను. ప్రమాదం జరిగిన చోట స్లో జోన్ పెట్టాల్సిందే. సింగపూర్ ప్రభుత్వం చేసిన మంచి కూడా చెప్పుకోవాలి. వైద్యం ఉచితంగా చేశారు, భోజనం గదుల దగ్గరికి పంపారు, జీతాలు ఆగకుండా చూడాలని కంపెనీలకు చెప్పారు. అంతమందికి జబ్బు చేసినా మనలో చనిపోయినవారు చాలా తక్కువ. ఇలాంటి కష్టకాలంలో ఎన్నో దేశాల్లో వలస కూలీలను రోడ్డున వదిలేశారని మనకు తెలుసు. మన దేశంలోనే ఆ వేసవిలో వందల మైళ్ళు కాలినడకన ఇళ్ళకు పోయినవాళ్ళను టీవీలో చూశాం.

నా అభ్యంతరమల్లా చివరి బోర్డు గురించి. 2020 జూన్ 19న బయట జనానికి హోటళ్ళు, షాపులు తెరిచారు. ఆగస్టులో డార్మెటరీల్లో జబ్బు తగ్గిందని ప్రకటించారు. మనం పనికి వెళ్ళడం మొదలైంది. కానీ గేటు తెరుచుకున్నది పని వరకే. 2021 సెప్టెంబరు నాటికి మనలో పదిమందికి తొమ్మిది మందిమి టీకాలు వేయించుకున్నాం. ఆ నెలలోనే లిటిల్ ఇండియాకు వారానికి 500 మందిని పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. మూడు లక్షల మందిలో వారానికి ఐదు వందలు! మామూలు రోజుల్లో పాసు లేకుండా గేటు దాటే అవకాశం వచ్చింది 2022 జూన్ 24న. అప్పటికీ ఆదివారాలు, సెలవు రోజుల్లో లిటిల్ ఇండియా, చైనాటౌన్, గేలాంగ్ సెరాయ్, జురాంగ్ ఈస్ట్ వెళ్ళాలంటే పాసు ఉండాల్సిందే. మొదటి గేటు మూసిన రోజు నుంచి లెక్కేస్తే రెండేళ్ళు దాటింది.

నేను ఒక కంపెనీ ఆఫీసులో టైమ్ షీట్లు రాసే గుమాస్తాని. ఆ రోజుల్లో పొద్దున్నే నా మొదటి పని, యాప్‌లో ఎవరిది పచ్చ రంగు, ఎవరిది ఎరుపు రంగు అని చూసి లిస్టు తయారు చెయ్యడం. పచ్చ వచ్చినవాళ్ళు లారీ ఎక్కాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు నన్ను అడిగేవాడు: "అన్నా, పచ్చ ఉంటే పనికి పోవచ్చు కదా, ఆ పచ్చతోనే టెక్కా పోయి ఇంటికి డబ్బు పంపి, కాస్త కూరగాయలు తెచ్చుకుంటే తప్పేంటి?" వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నోటీసుల్లోనూ లేదు. పనికి పోతే అంటని జబ్బు కూరగాయలు కొంటే అంటుతుందా?

జాగ్రత్త కోసమే అలా చేశారని కొందరు అంటారు. డార్మెటరీల్లో జనం ఎక్కువ, ఒక్కరికి వస్తే వందమందికి పాకుతుంది కాబట్టి మనల్ని ఆఖరున వదలడం న్యాయమే అంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. మన గదులు ప్రమాదకరమైనవే. కానీ ఆ గదులను అలా కట్టింది మనం కోరుకుని కాదు. గది ఇరుకుగా ఉండటం గది తప్పు, గదిలో ఉండేవాడి తప్పు కాదు. వేరే తరగతిగా లెక్కించినా నాకు అభ్యంతరం లేదు, లె మాన్‌లోనూ తరగతులున్నాయి. కానీ తరగతి అన్నాక దానికీ నియమం ఉండాలి, దానికీ ముగింపు గీత ఉండాలి. రోజూ పేపర్లో డార్మెటరీ కేసులు ఒక వరుసలో, బయటి కేసులు ఇంకో వరుసలో వేశారు. లెక్కకు మనది వేరే తరగతి అయింది. వదిలే రోజు మాత్రం ఏ తరగతి లెక్కలోనూ రాయలేదు. కేసులు ఎన్నికి తగ్గితే, టీకాలు ఎంత శాతం అయితే గేటు తీస్తారో ముందుగా ఒక కాగితం మీద రాసి అంటించి ఉంటే మనవాళ్ళు రెండేళ్ళయినా ఓపిక పట్టేవారు. బోర్డు లేని జోన్‌లోనే మనిషికి పిచ్చెక్కుతుంది.

మన తరగతి విలువ ఎంతో చెప్పే సంగతి ఒకటుంది. 2020 జూన్ 12న ఇక్కడి పందెం రద్దు చేసినప్పుడు నిర్వాహకులు చెప్పిన కారణాలు గుర్తు చేసుకోండి. జనం గుమికూడకూడదు, విదేశాల నుంచి రాకపోకలు లేవు, వీటితో పాటు ఇంకోటి: పందెం జరిగే చోట నిర్మాణం చెయ్యడానికి వీల్లేదు. మెరీనా బేలో పందెం జరిగేది మామూలు రోడ్ల మీద. ఏటా నెలల తరబడి పనిచేసి గోడలు, కంచెలు, స్టాండ్లు, దీపాలు నిలబెట్టాలి. లె మాన్‌లో కూడా చాలా భాగం మామూలు రోడ్డే అయినా గ్యారేజీలు, స్టాండ్లు శాశ్వతంగా ఉన్నాయి. అందుకే అక్కడ మూడు నెలలు వాయిదా వేసి జరపగలిగారు, ఇక్కడ జరపలేకపోయారు. ఈ దేశంలో నిర్మాణం పని ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో వేరే చెప్పాలా? ఆ చేతులు గదుల్లో ఉన్నాయి. ప్రపంచంలో ఎంత వేగం కారైనా, కంచె కట్టేవాడు లేకపోతే మెరీనా బేలో ఒక్క చుట్టు తిరగలేదు.

2021లో కూడా పందెం రద్దయింది. 2022 అక్టోబరు 2న మళ్ళీ జరిగింది, సెర్జియో పెరెజ్ గెలిచాడు. మూడు రోజుల్లో 3 లక్షల 2 వేల మంది వచ్చారని లెక్క చెప్పారు. మంచిదే, ఊరికి కళ వచ్చింది, కంపెనీలకు పని వచ్చింది. మనం పాసు లేకుండా గేటు దాటడం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలే అయింది.

"అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకు" అని అడగొచ్చు. అయిపోలేదు సోదరులారా. 2003లో సార్స్ వచ్చింది, 2020లో కరోనా వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది. 2023 మార్చిలో సింగపూర్ ప్రభుత్వం కరోనా మీద విడుదల చేసిన శ్వేతపత్రంలో, ఇంకా బాగా చెయ్యగలిగిన విషయాల్లో డార్మెటరీల సంగతిని కూడా చేర్చింది. తన లోపం తానే రాసుకున్న ప్రభుత్వంతో మాట్లాడటం తేలిక. అందుకే ఇప్పుడే అడగాలి.

అడగాల్సినవి మూడు. ఒకటి, గేటు మూసే నోటీసులోనే ఏ లెక్క మీద తెరుస్తారో రాయాలి, అదీ మన భాషల్లో రాయాలి. రెండు, పనికి పోవడానికి సరిపోయే ఆరోగ్యం గుడికీ, బజారుకూ, డబ్బు పంపడానికీ సరిపోవాలి. మూడు, అసలు గదులు మారాలి. దీని మీద కొంత పని మొదలైంది. కొత్తగా కట్టే డార్మెటరీల్లో గదికి 12 మందికి మించకూడదని, మనిషికి 4.2 చదరపు మీటర్ల చోటు ఉండాలని 2021లో నియమం పెట్టారు. పాత డార్మెటరీలు 2030 నాటికి గదికి 12 మంది, మనిషికి 3.6 చదరపు మీటర్ల లెక్కకు రావాలని, 2040 నాటికి కొత్త వాటితో సమానం కావాలని 2023లో ప్రకటించారు. ఇక్కడ చివరి బోర్డు కనిపిస్తోంది, సంతోషం. కానీ 2040 అంటే మనలో చాలామంది ఊరు చేరిపోయి ఉంటారు. ఆ మంచాల మీద పడుకునేది మన పిల్లల వయసు వాళ్ళు.

మీరు ఉండే డార్మెటరీ ఏ ఏడాదికి మారుతుందో మేనేజరును మర్యాదగా అడగండి. గదిలో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోండి. నోటీసు అంటిస్తే ఫోటో తీసి దాచుకోండి. అర్థం కాకపోతే చదువుకున్న తోటివాడిని, లేకపోతే మైగ్రంట్ వర్కర్స్ సెంటర్ వాళ్ళను అడగండి. అడిగితే పని పోతుందని భయపడకండి, ఇవి ప్రభుత్వం బహిరంగంగా చెప్పిన అంకెలే. 339 చుట్లు తిరిగినవాడు 387 తిరిగినవాడి కప్పు అడగడు. తన రోడ్డు ఎక్కడిదాకానో చెప్పమంటాడు. మనమూ అంతే అడుగుతున్నాం.