"సార్‌ని పంపించండి మేడమ్"

"సార్‌ని పంపించండి మేడమ్, ఆయనకి చెప్తాం." కారు తీసుకుని మెకానిక్ షెడ్డుకి వెళ్లిన ఆడవాళ్లలో ఈ మాట వినని వాళ్లుంటే చేయెత్తండి. పిల్లల్ని బడిలో దింపేది మనం, పెట్రోలు పోయించేది మనం. బండి కింద ఆయిల్ కారితే మాత్రం దాని సంగతి సార్‌కే అర్థమవుతుందట!

మా పాత కారు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మూలగడం మొదలెట్టింది. ఓ షెడ్డులో బానెట్ ఎత్తి, ఓ చూపు చూసి, స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. ఖర్చు వేలల్లో. ఎక్కడ కారుతోందని అడిగితే "అది మీకు తెలీదులెండి" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే, వెనక్కి తిరిగొచ్చే రబ్బరు పైపు క్లిప్పు వదులైంది. స్క్రూడ్రైవరుతో రెండు చుట్లు బిగిస్తే కారడం ఆగింది.

ఇందులో నా గొప్పేమీ లేదు. కుక్కర్‌లోంచి ఆవిరి పోతుంటే గాస్కెట్టా, వెయిటా, మూత సరిగ్గా పడలేదా అని మనం క్షణంలో చెప్తాం. కుక్కర్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే నవ్వుతాం. ఆ తెలివి బానెట్ ముందుకొచ్చేసరికి ఎందుకు చాలదు?

చూడటం ఎలాగో చెప్తాను. రాత్రి కారు ముందు భాగం కింద ఓ పాత అట్ట పరవండి. పొద్దున దానిమీద పడింది నీళ్లయితే చాలాసార్లు ఏసీ నీళ్లే. జిడ్డుగా, ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ కావచ్చు. కొన్ని కార్లలో దాని రంగు వేరు. గేరు ఆయిల్ కూడా ఎర్రగా ఉండొచ్చు కాబట్టి స్టీరింగ్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం కనిష్ఠ గీత కిందకి దిగిందంటే అనుమానం తీరినట్టే. ఇంజన్ చల్లారాక పైపులన్నీ పాత గుడ్డతో తుడవండి. ఇంజన్ వేసి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే, మరొకరు దూరం నుంచే తడి ఎక్కడ మొదలవుతోందో చూడాలి. జడ, చున్నీ, చెయ్యి బెల్టు దగ్గరికి పోనివ్వద్దు. బిగించే పని ఇంజన్ ఆపాకే. తర్వాత కారు పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి.

పంపు నుంచి ర్యాక్‌కి వెళ్లే పైపు జోలికి మాత్రం పోవద్దు. అందులో ఒత్తిడి చాలా ఎక్కువ. పంపు సీలు, ర్యాక్ సీలు పోతే మెకానిక్ పనే. జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. కానీ మెకానిక్ దగ్గరికి వెళ్లినా, "ఎక్కడ కారుతోందో చూపించండి, తీసిన పాత సామాను నా చేతికివ్వండి" అని అడగొచ్చు కదా! ఇంకో మాట. ఇప్పుడొచ్చే చాలా కార్లకి స్టీరింగ్ మోటారుతో నడుస్తుంది, అందులో ఈ ఆయిలే ఉండదు. అలాంటి కారుకి స్టీరింగ్ ఆయిల్ మార్చామని బిల్లేస్తే ఏ డబ్బాలో పోశారో అడగండి.

"వంటిల్లూ మాదే, పిల్లలూ మాదే, ఇప్పుడు కారు కూడా మా నెత్తినేనా?" అంటారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. పని నెత్తిన వేసుకోమని నేననడం లేదు, తెలుసుకోమంటున్నాను. తెలిసినవాళ్లు ఆ పని ఎవరితో చేయించినా మోసపోరు. తెలియనివాళ్లు ఆదివారం దాకా ఆయన కోసం ఆగుతారు. ఈలోగా ఆయిల్ అయిపోయి పంపు చెడుతుంది. నడిరోడ్డు మీద, వెనక సీట్లో పిల్లలుండగా, స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంటే బలమంతా పెట్టి తిప్పాల్సింది సార్ కాదు, మనమే.

మన ఇళ్లలో అమ్మాయిలకి ఇప్పుడు డ్రైవింగ్ నేర్పిస్తున్నాం, సంతోషం. లైసెన్సు చేతికొచ్చిన రోజునే బానెట్ ఎత్తి ఏ డబ్బాలో ఏముంటుందో కూడా చూపించండి. తాళాలిచ్చి తెలివి దాచిపెట్టడం సగం స్వేచ్ఛే.