తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?



సర్వర్, అడ్మిన్, పాస్‌వర్డ్ అనగానే "అది కంప్యూటర్ వాళ్ళ గొడవ, మనకెందుకు" అంటారు చాలామంది. మనకే కావాలి. స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్‌లో పెట్టిన కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ఏదో ఒక సర్వర్‌లోనే ఉన్నాయి. 2024 నవంబర్‌లో మొదలైన సర్వేలో ఇంటింటి కులమూ రాసుకున్నారు. ఆ గదికి తాళం ఎవరేశారని అడగడం మన హక్కు.

మన హైదరాబాద్‌లోనే జరిగిన సంగతి చూడండి. 2022 జనవరిలో మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్‌లోకి చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం, అంతకు ముందు నవంబర్‌లో ఉద్యోగులకు సుమారు 200 దొంగ మెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. అంతే, వాళ్ళ కంప్యూటర్లు దొంగల చేతికి చిక్కాయి. అక్కడి నుంచి అడ్మిన్ ఖాతా దాకా పాకారు. బ్యాంకులో సూపర్ యూజర్లు పదిమంది; వాళ్ళలో కొందరికి ఒకటే పాస్‌వర్డ్!

మెయిల్ తెరిచిన ఇద్దరిని తిట్టడం సులువు. అన్ని మెయిళ్ళు వస్తే ఎవరో ఒకరిద్దరు ఎప్పుడూ తెరుస్తారు. గుమాస్తా కంప్యూటర్ నుంచి అడ్మిన్ దాకా దారి ఎందుకుంది అన్నదే అసలు ప్రశ్న.

డబ్బు పంపడానికి కమీషన్‌కు ఖాతాలిచ్చినవాళ్ళు అరెస్టయ్యారు. నిర్లక్ష్యానికి బ్యాంకు మీద 2023లో రిజర్వు బ్యాంకు వేసింది 65 లక్షల జరిమానా. చిన్నవాడికి జైలు, పెద్దవాడికి చలానా. మా గౌలిపుర, లాల్‌దర్వాజ గల్లీల పిల్లలకు మళ్ళీ చెబుతున్నా: ఖాతా అద్దెకియ్యకండి.

ఈ రంగంలో ఒక సూత్రముంది. పనికి ఎంత అవసరమో అంతే అధికారం, పనైపోగానే వాపసు. పుట్టుకతో అధికారం పంచే కులానికి ఇది సరిగ్గా ఎదురు. మన ఆఫీసుల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెద్దసారు హోదాకు గుర్తు. దాంతో పనిచేసేది మాత్రం కాంట్రాక్టు ఆపరేటరు. అందరిదీ ఒకే పాస్‌వర్డైతే తప్పు ఎవరిదో తేలదు. తేలనప్పుడు నింద ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు.

అందుకే ఇవి సాంకేతిక సలహాలు కావు, డిమాండ్లు. ఒక్కో అడ్మిన్‌కు ఒక్కో ఖాతా. పాస్‌వర్డ్ పైన రెండో తాళం. మెయిల్ చూసే కంప్యూటర్‌లో అడ్మిన్ పని చేయొద్దు. బయటి ఇంటర్నెట్‌కు అడ్మిన్ లాగిన్ తెరిచిపెట్టొద్దు. ఉద్యోగం మానిన రోజే ఖాతా మూసేయాలి. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో రాసే చిట్టా, అడ్మిన్ కూడా చెరపలేని చోట ఉండాలి.

విద్యార్థి సంఘాలు సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు వేయండి. మా వివరాలున్న సర్వర్‌కు అడ్మిన్లు ఎంతమంది? రెండో తాళం ఉందా? బయటివాళ్ళతో చివరి ఆడిట్ ఎప్పుడు చేయించారు? భద్రత పేరు చెప్పి తిప్పి పంపితే అప్పీలు వేయండి. మనం పాస్‌వర్డ్ అడగడం లేదు, లెక్క అడుగుతున్నాం.

జై భీమ్.