చౌక వేరు, నాసి వేరు

పోయిన ఆడి మాసంలో నేను ఫోనులో ఒక మడత కత్తి కొన్నాను. ధర 199 రూపాయలు. ఆ కత్తి గురించి గోడపత్రికకు రాస్తానంటే మా బెంచీ అమ్మాయిలు నవ్వినారు. "కవిత రాయవే, కత్తి గురించి ఏం రాస్తావు?" అన్నారు. కవితలు రాసేవాళ్లు మన శాఖలో చాలామందే ఉన్నారు. కానీ ఫోనులో చౌకగా ఏదో ఒకటి కొని, తర్వాత నాలుక కరుచుకోని వాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

కత్తి నా కోసం కాదు, మా నాయన కోసం. మాది సూలగిరి పక్కన పల్లె. నాయన చిన్నప్పుడు సంతూరు నర్సరీల్లో కూలికి పోయి మామిడి అంట్లు కట్టడం నేర్చుకున్నాడు. మన కృష్ణగిరి జిల్లాలో మామిడి మొక్క కావాలంటే ఎవరైనా సంతూరు పేరే చెప్తారు కదా. ఇప్పుడు వానలు మొదలైతే నాయన ఇంటి వెనకాలే టెంకలు మొలిపించి, వాటికి బెంగళూరా, సెందూరా కొమ్మలు అంటుకట్టి అమ్ముతాడు. నా బస్సు ఖర్చు, పుస్తకాల ఖర్చు అందులో నుంచే. తాత ఇచ్చిన పాత చాకు ఎక్కడో పోయింది. "సంతలో చూస్తాలే" అన్నాడు నాయన. "సంత దాకా ఎందుకు నాయనా, ఇంటికే వస్తుంది" అని నేనే ఆర్డర్ పెట్టినాను.

ఆ పేజీలో ఏం రాసి ఉందో ఇప్పటికీ గుర్తుంది. సర్జికల్ స్టీల్. డమాస్కస్ డిజైన్. అల్ట్రా షార్ప్. నాలుగు పాయింట్ మూడు నక్షత్రాలు. పార్సెల్ వచ్చినప్పుడు అమ్మ "ఎదుక్కుడి ఉనక్కు కత్తి?" అని తమిళంలో ఒక పాట పాడింది. కత్తి మాత్రం తళతళలాడుతూ ఉంది. ఆ సాయంత్రమే నేను ఐదు నక్షత్రాలు ఇచ్చి "సూపర్ ప్రాడక్ట్" అని రాసినాను. అప్పటికి దానితో ఒక్క పుల్ల కూడా కోసింది లేదు.

రెండోనాడు నాయన అంట్లు మొదలుపెట్టినాడు. ఇరవై అంట్లు కట్టేసరికి కత్తి కోయడం మాని నలపడం మొదలుపెట్టింది. నలభై దగ్గర మొన కొమ్మలో ఇరుక్కుంది. దాన్ని వెనక్కి కదిలించేసరికి లాకు జారి, అలుగు మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. రెండు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్. పదిహేను రోజులు నాయన కత్తి పట్టలేదు. అంట్లు కట్టే అదను అట్లా సగం పోయింది.

కట్టిన నలభైలో పదకొండే చిగురు పెట్టినాయి. మామూలుగా ముప్పైకి తక్కువ కావు. అన్నీ కత్తి వల్లే పోయినాయని నేను అనను, ఆ వారం ఎండ కూడా గట్టిగా కాచింది. కానీ అంటు పని ఎట్లాంటిదో ఒక్కసారి ఆలోచించండి. మొక్క బెరడు కింద పలుచటి పచ్చని పొర ఉంటుంది. కింది మొక్క పొర, పైకొమ్మ పొర ఒకదానికొకటి ఆనుకుంటేనే రెండూ కలిసి ఒక చెట్టు అవుతాయి. దానికి కోత ఒక్క వేటున, నున్నగా, చదునుగా రావాలి. మొద్దు కత్తి ఆ పొరను కోయదు, చిదుపుతుంది. చిదిగిన చోట నల్లబడి కుళ్లుతుంది. మనకు 199 రూపాయల కత్తి, ఆ కొమ్మకు చావుబతుకులు.

అప్పుడు అవ్వ ఆ కత్తిని తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. "వాదర మెరస్తా ఉండాది చూడమ్మీ. మెరిసే వాదర తెగదు" అంది. అలుగును అటూ ఇటూ కదిపి "పిడిలో ఆట ఉండాది" అంది. చివరికి "దీనికి పదును పట్టలేదు, ఊరికే సాన పట్టి పంపినారు" అని తీర్పు చెప్పేసింది. అంతా ఒక నిమిషం పని. ఫోనులో వందల మంది చెప్పలేని సంగతి చదువురాని మా అవ్వ చెప్పింది.

నేను తెలుగు శాఖ విద్యార్థినిని. వాదర అనే మాట నాకు తెలియదు. "మొక్కవోని ధైర్యం" అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాసినానో. కత్తి వాదర మొద్దుబారడమే మొక్కవోవడం అని ఆ రోజే తెలిసింది. పదును అంటే కూడా పదునుగా ఉండడం ఒక్కటే అనుకున్నాను. ఇనుమును కొలిమిలో ఎర్రగా కాల్చి, నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరచడం కూడా పదునేనట. సాన ఎవరైనా పట్టవచ్చు. పదును సరిగ్గా లేని లోహానికి ఎంత సాన పట్టినా ఆ వాదర నిలవదు.

తర్వాత నేను కొంత చదివి చూసినాను. అవ్వ మాటే నిజం. తుప్పు పట్టని స్టీలు అంటే అందులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది. కానీ గట్టిదనం ఇచ్చేది ముఖ్యంగా కార్బన్. 440సి అనే రకంలో అది దాదాపు ఒక శాతం ఉంటుంది, 420 రకంలో అందులో సగం కూడా ఉండదు. "సర్జికల్ స్టీల్" అనేది ఫలానా ఒక్క రకం పేరు కాదు, ఎవరైనా పెట్టుకునే పేరు. ఇక డమాస్కస్ ముచ్చట. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు మన తెలుగు నేల నుంచి కూడా పోయింది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం దానికి పేరున్న ఊరు. ఇంగ్లీషువాళ్లు ఊట్జ్ అన్నది మన ఉక్కు మాటనే అంటారు. ఆ ఉక్కులోనే పుట్టిన అలల గీతలను ఇప్పుడు చౌక కత్తుల మీద పైపైన అచ్చు వేస్తున్నారు. మాకు వచ్చినదాని మీద గీతలు నెల తిరక్కముందే అరిగిపోయినాయి.

ఇదంతా చదివి "చౌకవి కొనొద్దు" అని చెప్తున్నానని అనుకోకండి. ఆ మాట చెప్పడం డబ్బున్న వాళ్లకు సులభం. అంట్లు కట్టి బతికే ఇంట్లో కత్తికి రెండు వేలు పెట్టలేము. పెట్టాల్సిన పని కూడా లేదు. ఫ్రాన్సులో ఒపినెల్ అనే మడత కత్తి ఉంది. 1890లో సవోయ్ కొండ ప్రాంతంలో మొదలైంది. చెక్క పిడి, ఒక అలుగు, అంతే. రైతులు జేబులో వేసుకు తిరిగే సాదా కత్తి. మడుచుకుపోకుండా పిడి దగ్గర తిప్పే ఉంగరం 1955లో పెట్టినారు. అక్కడ ఇప్పటికీ అది మామూలు జనం కొనగలిగిన కత్తే. కాబట్టి చౌక వేరు, నాసి వేరు. చౌకగా కొనడం మన అవసరం. నాసిదాన్ని ఒప్పుకోవడం మాత్రం మన తప్పు.

సంతలో అయితే నాయన పది కత్తులు పట్టి చూసి ఒకటి తెచ్చేవాడు. ఫోనులో ఆ పట్టి చూసే పని ముందు ఉండదు, పార్సెల్ వచ్చినాక ఉంటుంది. మనం ఆ పని మానేసి నక్షత్రాలకు అప్పగించినాము. ఆ నక్షత్రాలు ఇచ్చింది ఎవరు? నాలాంటివాళ్లే, అట్టపెట్టె విప్పిన సాయంత్రమే. కత్తి సంగతి తెలిసేది మొదటి కోతలో కాదు, నూరో కోతలో. అందుకే ఐదు నక్షత్రాలవి వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి, నెలల తర్వాత రాసినవి వెతకండి. స్టీలు రకం రాయని కత్తిని పక్కన పెట్టండి. ఏ దేశంలో తయారైందో చెప్పాలని, అమ్మేవాళ్లే కొన్నవాళ్ల వేషంలో మెచ్చుకోలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయవచ్చు.

వచ్చినాక వాపసు గడువు లోపలే చూడండి. మడిచినప్పుడు అలుగు నడిమధ్యన ఉండాలి, పక్కలకు రాసుకోకూడదు. తెరిచి కదిపితే ఆట ఉండకూడదు. వేళ్లు దారిలో లేకుండా పిడి పట్టుకుని, అలుగు వీపును చెక్క మీద మెల్లగా అదిమితే లాకు జారకూడదు. దీపం వెలుతురులో వాదర మీద తెల్లటి మెరుపు గీత కనపడకూడదు. న్యూస్‌పేపరు చిరగకుండా తెగాలి.

ఇంకొక మాట. హాస్టల్ అక్క ఒకరు "రాత్రి బస్సుకు బ్యాగులో ఒకటి పెట్టుకో, ధైర్యంగా ఉంటుంది" అన్నారు. ఆ అక్క భయం నాకు అర్థమైంది, ఆ బస్సుల్లో నేనూ వస్తాను. కానీ లాకు జారే కత్తి ముందు కోసేది పట్టుకున్న చేతినే. మా నాయన వేలే సాక్ష్యం. పైగా కాలేజీకి కత్తి తేవడం తప్పు. రాత్రి బస్సు భద్రంగా ఉండాలని గట్టిగా అడగడం మన హక్కు. దానికి బదులు 199 రూపాయల కత్తి సరిపోదు.

నాయనకు మళ్లీ కత్తి కొన్నాను, మళ్లీ ఫోనులోనే. 280 రూపాయలు. అంటు పనికి తగ్గట్టు ఒక వైపే వాలు ఉన్న అలుగు. ఈసారి వచ్చిన రోజే అవ్వ చేతికి ఇచ్చినాను. ఆమె వెలుతురుకు పట్టి చూసి "ఊఁ, ఉండనీ" అంది. మా ఇంట్లో అది ఐదు నక్షత్రాల కంటే ఎక్కువ.

పాత కత్తికి నేను ఇచ్చిన ఐదు నక్షత్రాలను ఒకటి చేసినాను. "సూపర్ ప్రాడక్ట్" తీసేసి, ఎన్ని కోతలకు మొద్దుబారిందో, లాకు ఎట్లా జారిందో తెలుగులో రాసి, వాదర ఫోటో పెట్టినాను. మీరు కూడా ఈ నెలలో కొన్నది ఏదైనా ఉంటే ఆ పని చేయండి. పెట్టె విప్పిన రోజు వద్దు, నెల వాడినాక రాయండి. మన మాట నమ్మి ఎవరో ఒకరి నాయనకు కత్తి కొంటారు.